గుండునకు జుట్టిన గుడ్డ

వసంతంబు కడచి గ్రీష్మంబు తొంగిచూచుచుండ రాలిన టేకుటాకుల మర్మరధ్వనులును మోదుగుపూల యరుణకాంతులును దక్క వేఱొక్క సొంపెఱుంగని నల్లమల యరణ్యప్రాంతమున చింతలకనుమ యను నలువది గడపల పల్లె యొకటి గలదు. ఆ యేడు వాగులెల్ల నింకిపోగా కనుమ నడుమనున్న చెలమ యొక్కటియే పల్లెవారికి గొంతు దడుపుకొన దిక్కయ్యెను. ఆ చెలమకడనే వృద్ధశార్దూలం బొకటి మాటువైచి నెలలోపల మువ్వురను పొట్టన బెట్టుకొనెను. మూడు ప్రొద్దులలో పులి చావకున్న మూటముల్లె గట్టి పల్లె విడువవలయునని పెద్దకాపు ఆదిరెడ్డి కంటనీరు పెట్టుకొనుచునే తీర్మానించెను.

ఈ భారము పాళెగాని కొలువున ముప్పదియేండ్లు వేటకాడై మసలి ముదిమిని స్వగ్రామము చేరిన బోయ కదిరప్ప పైబడెను. వాని తుపాకి పల్లెలోని నాటుతుపాకులవంటిది గాదు. దాని గొట్టము లోపల మెలితిరిగిన చాళ్లుండును. సీసపుగుండును గుడ్డపేలికలో బొదిగి మూతినుండి దట్టించినచో నా గుడ్డ చాళ్లను గఱచి గుండును గిఱ్ఱున ద్రిప్పి గుఱికి బంపును. అయినను ఊరి యాచారమని యొకటి యుండెనుగదా! క్రూరమృగమును గొట్టు గుండును ఊరిదేవత కనుమలమ్మకు సమర్పించిన క్రొత్తగుడ్డతోడనే చుట్టవలయును. గంజిపెట్టి పసుపుపూసి రేకువలె బిరుసెక్కిన యా గుడ్డను జూడగనే కదిరప్ప మనసు కీడు శంకించెను గాని అమ్మవారి గుడ్డను కాదనలేక దానితోడనే గుండును జుట్టెను. నేర్చినవాడు మొగమాటమునకు లోబడుటకంటె పెద్దతప్పు వేఱొకటి గలదా!

మొదటిసంజ నలువదిబారల దూరమున నిలిచిన పులి గుండు దప్పించుకొని యఱచుచు పొదలలో జొచ్చెను. రెండవసంజయు నట్లే యయ్యెను. ముసలివాని కంటికి పొర గమ్మెనని కొందఱును అమ్మ యలిగెనని కొందఱును గుసగుసలాడిరి. పుట్టినపల్లె తన చేతులమీదుగ పాడుపడునేమో యని వాని గుండె చెఱువయ్యెను.

మూడవనాటి యుదయమున వాడు చెలమకడకు బోయి తాను కాల్చినచోటి కెదుట నిసుకనెల్ల గాలించి పేలిన గుడ్డముక్కలు రెండింటిని వెదకి తెచ్చెను. అవి నడుమకు జీలి యంచులు మాడియుండెను. వానిని పెద్దకాపు ముందఱ బెట్టి నోరు విప్పెను.

“పెద్దరెడ్డీ, తప్పు నా కంటిది గాదు, అమ్మది గాదు. గంజిబిరుసుకు ఈ గుడ్డ చాళ్లల్లో చీలిపాయ. గుండు తిరగల్య. ఉతికి ఉతికి మెత్తబడిన పాతగుడ్డ గావల్ల.”

“ఆడలేక మద్దెల వోడంట!” అని ఆదిరెడ్డి మండిపడెను. “అమ్మ గుడ్డను కాదనేదానికి నీకు నోరెట్లొచ్చె కదిరప్పా?”

అంత మొట్టమొదట పులివాత బడిన బాలన్న భార్య లింగక్క జనమును ద్రోసికొని ముందునకు వచ్చెను. ఆమె చేత వెలిసిపోయిన తలగుడ్డ యొకటి యుండెను.

“ఆ కొత్తగుడ్డ అమ్మకే కట్టు రెడ్డీ, సల్లంగ జూస్తాది. ఇది మా యాయన తలగుడ్డ. ఆరేండ్లు నా చేతుల్తోనే ఉతికినా. కదిరన్నా, గుండుకు దీన్ని జుట్టు.”

ఆదిరెడ్డి తల వంచుకొని సరేయని చేయి యూపెను.

ఆ సంజ చెలమ కెదుటి బండమాటున గూర్చుండి కదిరప్ప మందుకొమ్మునుండి తుపాకిమందు గొలిచి గొట్టమున బోసెను. తలగుడ్డపేలికను ఆముదమున దడిపి మూతిపై బఱచి దానిపై గుండునుంచి బొటనవ్రేల నదిమి మిగిలిన యంచును చూరకత్తితో గోసివైచెను. పిమ్మట గజపుకడ్డీ గైకొని యొక్కబిగిని గుండును లోనికి దిగద్రోచెను. గుండునకును మందునకును నడుమ వెలితి మిగిలెనా గొట్టమే పగిలి కాల్చువానినే కాటికి బంపును. గుండు మందును దాకెనని తెలుపు కడ్డీమీది గాటు మూతికి సరిపడుట వ్రేలితో దడవి చూచుకొన్నగాని వాడు ఊపిరి విడువలేదు. గుడ్డ చాళ్లను గఱచుకొనుచు దిగిన తీరు వాని యఱచేతికి దెలిసెను. రెండుదినములకు బిమ్మట వాని మొగమున నవ్వు మొలచెను.

ప్రొద్దు కొండచాటునకు జాఱకమున్నే పొదలు గదలెను. పులి నీటికి మెడ వంచెను. చెకుముకి నిప్పు రాలెను, కనుమ దద్దరిల్లెను, పొగ విడిపోవునప్పటికి పులి యొడ్డున నొరగి మఱి లేవకుండెను.

పల్లెయెల్ల డప్పులతోను కుండలతోను బరుగెత్తివచ్చి పులిని జుట్టుముట్టెను. కదిరప్ప మాత్ర మిసుకలో వంగి వెదకి యొక గుడ్డబిళ్లను దెచ్చి లింగక్క చేత బెట్టెను.

“చూడు చెల్లీ, రవ్వంత గూడ చినగల్య.”

ఆమె దానిని కొంగున ముడివైచుకొని, భర్త పోయిననాడు సయిత మేడ్వనేరనిది, వెక్కివెక్కి యేడ్చెను. ఏడ్చి యేడ్చి కన్నులు దుడుచుకొని, పొరుగింటామె చంకనుండి కుండ నందుకొని, బాలన్న కూలినచోటనే చెలమలోనికి దిగి నీరు ముంచెను. ఆమె వెనుక పల్లెలోని యాడువారందఱు గట్టిన మూటలు విప్పుటయైన మఱచి కుండలు గొని యొక్కొక్కరుగా దిగుచుండిరి.