పూర్తిగా చూశారు

వీడియో ఎప్పుడు అయిపోయిందో కనిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. బొమ్మ ఆగిపోతే అయిపోయినట్టే కదా, దానికి జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టాలా అనిపిస్తుంది. కానీ ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది సరిగ్గా ఆ పనే. ఆఫీసులో ఆమెకు "ముగింపు మేడం" అని పేరు పెట్టారు. ఆమె కూడా ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది. ఆఫీసు బయట ఆమెను ఏ పేరుతోనైనా పిలిచేవాళ్ళు పెద్దగా లేరు మరి.

ఇంటివాళ్ళు ఒకరికొకరు వీడియోలు పంపుకునే యాప్ వాళ్ళది. అవతలివాళ్ళు వీడియోను చివరిదాకా చూస్తే, పంపినవాళ్ళకు పచ్చటి టిక్కుతో "పూర్తిగా చూశారు" అని కబురు వెళ్తుంది. యాప్ బతుకుతున్నదే ఆ టిక్కు మీద. చిక్కల్లా కొన్ని టీవీలతో వచ్చింది. వీడియో మొత్తం ఒకేసారి రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆఖరి ముక్క ముందుగా చెప్పినదానికన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉందంటే, ప్లేయర్ ఇంకా ఏదో రావాలని నోరు తెరుచుకుని కూర్చుంటుంది. "అయిపోయింది" అని చెప్పి చావదు. చూసినవాళ్ళు చూసేసి తమ పనుల్లో పడతారు, పంపినవాళ్ళేమో టిక్కు కోసం పడిగాపులు కాస్తారు.

ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి గానీ, ఆఫీసులో ఏ వీడియో పెట్టి చూసినా బుద్ధిగా ముగిసేది. చివరికి ఆ జబ్బు ఆమెకు ఇంట్లోనే దొరికింది, తమ్ముడు పంపిన వీడియోలో.

తమ్ముడంటే ఆమెకున్న ఒకే ఒక్క రక్తసంబంధం. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఈమే. బుడ్డోడా అని పిలిచేది, ఆరడుగులు ఎదిగినా బుడ్డోడే. ఇంజనీరింగులో వేస్తే ఆఖరి ఏడాదిలో చదువు మానేసి బైకులు బాగుచేసే షెడ్డులో చేరాడు. ఆ రోజు ఆమె నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "నీ దారి నీది, నా దారి నాది. ఇంక నాకు మొహం చూపించకు" అంది. వాడు బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. కోపం చల్లారకముందే వాడి నంబరు కూడా బ్లాక్ చేసింది. తర్వాత కోపం చల్లారింది గానీ, బ్లాక్ తీయడానికి చెయ్యి రాలేదు. ముందు వాడే దిగిరావాలి. పెంచినదానికి ఆ మాత్రం పట్టుదల ఉండకూడదా?

ఆ పట్టుదలతో ఆమె రెండు గదుల ఇల్లు మరీ పెద్దదైపోయింది. వంట గట్టు దగ్గర నిలబడే తినేసేది. ఆదివారాలు నోరు విప్పే పనే పడేది కాదు. సోమవారం లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది, జలుబేమో అని వాళ్ళు జాలిపడేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం తమ్ముడి వీడియో వచ్చింది. నంబరు బ్లాక్ చేసింది గానీ యాప్ సంగతి మరిచిపోయింది. టీవీలో పెట్టింది. తెర మీద వాడి మొహం కనిపించగానే ఆమె టీవీకి దగ్గరగా జరిగింది. వెంటనే మొండితనం కూడా లేచి కూర్చుంది. ఓహో, ఇప్పుడు గుర్తొచ్చానా? ఇంతసేపు ఏం చెబుతాడు, సాకులే కదా అనుకుని, రిమోట్ నొక్కి చివరికి దూకేసింది. వాడు "అంతే అక్కా. నీ ఇష్టం" అని లేచి, గ్రీజు మరకల చెయ్యి చాచి కెమెరా ఆపబోయాడు. ఆ చెయ్యి తెరంతా కమ్ముకుని అక్కడే ఆగిపోయింది. ఇంకా ఏదో రావాలన్నట్టు తెర మధ్యలో సున్నా గిర్రున తిరుగుతోంది. టిక్కు పడలేదు.

మనసులో తమ్ముడు వెనక్కి పోయి, ఉద్యోగం ముందుకొచ్చింది. నెలల తరబడి వెతుకుతున్న తప్పు కళ్ళముందే ఉంది! తీరిగ్గా మొదటినుంచి తర్వాత చూడొచ్చులే అనుకుని, మర్నాడు దాని నకలు ఒకటి ఆఫీసు టెస్టు మెషీన్‌లో పెట్టింది. ఎవరిదీ అని అడిగితే, "ఎవరో పంపినది లెండి" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. చెబితే మిగతా కథంతా చెప్పాల్సి వచ్చేది.

ఈ పనిలో వీడియోను మొదటినుంచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కోడ్ మార్చడం, చివరికి దూకడం, టిక్కు పడిందా లేదా చూడడం, అంతే. రోజంతా వాడు అదే మాట అని అలాగే లేచేవాడు. వినగా వినగా ఆఫీసంతటికీ అది ఊతపదమైపోయింది. మీటింగు ముగిసిందంటే చాలు, ఎవరో ఒకరు "అంతే అక్కా, నీ ఇష్టం" అనేవాళ్ళు, అందరూ గొల్లుమనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. మొదట్లో కష్టంగా నవ్వేది, తర్వాత నిజంగానే నవ్వొచ్చేది. అన్నిసార్లు విన్న గొంతు తమ్ముడిదన్న సంగతి చెవికి తట్టడం మానేసింది.

చివరికి దారి దొరికింది. ప్లేయర్ చెబుతుందని కూర్చోకుండా, వీడియో ఎంతదాకా వచ్చిందో కోడే మాటిమాటికీ తొంగిచూస్తుంది. చివర అంచుకు చేరి, ఎవరూ ఆపకుండానే కదలడం మానేస్తే, అయిపోయినట్టు తనే తీర్మానిస్తుంది.

టెస్టింగు చూసే సన్నటి కుర్రాడు ఒక్కడే నసిగాడు. "మేడం, మధ్యలోంచి దూకేసి చివరికొచ్చినా చూసినట్టేనా?"

"చివరికి చేరాడా లేదా? మనకు కావలసింది అదే" అంది ఆమె. "మధ్యలో ఏం చేశాడో లెక్కలు తీయడం మొదలుపెడితే ఈ జన్మకి రిలీజ్ అవ్వదు."

కొత్త కోడ్ అందరికీ వెళ్ళిన గురువారం, మేనేజరు అందర్నీ హాల్లో పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టాడు. "టెస్టు మెషీన్‌లో కాదండీ, అసలు యాప్‌లోనే ఒకసారి చూపించండి. అదే, మన 'నీ ఇష్టం' వీడియో!"

ఆమె తన అకౌంటులోకి వెళ్ళి అసలు వీడియో తెరిచింది. అలవాటు ప్రకారం చివరికి దూకింది. చెయ్యి తెరను కమ్మింది, ఆగింది. ఊపిరి తీసి వదిలేంతలో పచ్చటి టిక్కు పడింది. హాలంతా చప్పట్లు. మేనేజరు లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆ రోజు ఆమె ఎంత సంబరపడిందంటే, ఆ టిక్కు ఇంకో చోట కూడా పడి ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

ఆ నెల చివర్లో తమ్ముడి దగ్గర్నుంచి ఇంకో వీడియో వచ్చింది. ఇది చాలా చిన్నది. దూకడానికి కూడా చోటు లేదు. ఏదో ఆఫీసు మెట్ల మీద వాడు, పక్కన ఒక అమ్మాయి. వాడి చేతిలో కాగితం. "అక్కా, పెళ్ళి రిజిస్ట్రేషన్ అయిపోయింది. నీకు చెప్పకుండా ఉండకూడదని." అమ్మాయి కెమెరా వైపు చూసి మొహమాటంగా నవ్వింది. అంతే.

ఆమె బ్లాక్ తీసి ఫోన్ చేసింది.

"అక్కా?" అన్నాడు వాడు. వెనకాల ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు.

"పెళ్ళి చేసుకున్నావా? నాకొక మాట చెప్పాలనిపించలేదురా?"

సుత్తి చప్పుడు దూరమైంది. వాడు షెడ్డు బయటికి వచ్చినట్టున్నాడు.

"అదేంటక్కా. పెద్ద వీడియో పంపాగా. మా వైపు సాక్షి సంతకం నువ్వే పెట్టాలని అడిగాగా. చూసి కూడా ఏమీ అనకపోతే నీకు ఇష్టం లేదనుకుంటా, ఇంకెప్పుడూ విసిగించనని కూడా చెప్పా." వాడి గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భయమేసింది. "చూసినట్టు ఎన్నాళ్ళకీ రాలేదు. రెండుసార్లు తేదీ మార్చుకున్నాం. తనే అంది, మీ అక్క చూడనీ, తొందరేముంది అని. చివరికి ఒక గురువారం పూర్తిగా చూశారని వచ్చింది. షెడ్డులో అందరికీ చూపించా. ఇవాళో రేపో ఫోన్ చేస్తుందని చెప్పా."

"నేను చూడలేదురా."

"పూర్తిగా అని వచ్చిందక్కా."

"అది అలా చెప్పేలా రాసింది నేనే. అదే నా పని. నేను చూసింది చివర ముక్క ఒక్కటే. ఒట్టురా, మొదట్నుంచి ఒక్కసారి కూడా చూడలేదు."

"పోనీలే అక్కా" అన్నాడు వాడు మెల్లగా, చిన్నపిల్లను ఊరుకోబెడుతున్నట్టు. "ఇప్పుడు నాకోసం ఏదో ఒకటి చెప్పక్కర్లేదు. నాకేం కోపం లేదు. నిజంగా."

"నమ్మరా బుడ్డోడా."

"సరే, నమ్మా." నమ్మలేదని ఆమెకు తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ వాడికి అబద్ధం ఆడడం రాదు.

"సంతకం ఎవరు పెట్టారు?"

"మా షెడ్డు ఓనరు." ఎవరో వాణ్ణి పిలిచారు. "ఉంటానక్కా, బండి ఒకటి విప్పి ఉంది. వీలుంటే ఎప్పుడైనా ఇంటికి రా."

ఎప్పుడు రమ్మంటాడోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. వాడు ఫోన్ పెట్టేశాడు. ఇల్లెక్కడో కూడా ఆమెకు తెలియదు.

టీవీ ముందు కూర్చుని పాత వీడియోను మొదటినుంచి పెట్టింది. రిమోట్‌ను దూరంగా, బల్ల మీద పెట్టేసింది. వాడు ముందు గొంతు సవరించుకున్నాడు. చదువు మానేసినందుకు కాదు గానీ, చెప్పకుండా మానేసినందుకు తప్పయిందన్నాడు. షెడ్డంతా తిప్పి చూపించాడు, తన పేరు రాసుకున్న పనిముట్ల పెట్టెతో సహా. ఆ మెట్ల మీది అమ్మాయిని పిలిస్తే, ఆ పిల్ల సిగ్గుపడి తలుపు చాటున నిలబడి, "నమస్తే వదినా" అని మాత్రం అంది. తర్వాత వాడు రెండు చొక్కాలు పైకెత్తి పట్టుకున్నాడు. "ఏది బాగుందో చెప్పు. నాకు బట్టల సంగతి తెలీదని నీకు తెలుసుగా. నువ్వు చెప్పిందే వేసుకుంటా." ఆమె తెలియకుండానే పైకే అనేసింది, "నీలంది రా." ఆ మెట్ల మీద వాడు వేసుకున్నది ఆ రెండింటిలో ఏదీ కాదు. ఆమె అప్పుడు ఏడ్చింది, ఎవరైనా వింటారేమోనన్న బెంగ లేకుండా.

వీడియో చివరిదాకా వచ్చి ఆగింది. కోడ్ తొంగిచూసింది, అయిపోయిందని కనిపెట్టింది. కానీ ఈ వీడియోకు టిక్కు ఎప్పుడో పడి ఉంది, ఒకసారి పడ్డాక మళ్ళీ కబురు వెళ్ళదు. ఆమె పూర్తిగా చూసిందని తమ్ముడికి తెలియలేదు.