ఏడంగళ్ల మిద్దెకు కట్టు

పుత్తూరు గానుగ వీధిలో శకుంతలమ్మ పొద్దున పూట మనుషులకు కట్టు కట్టేది, సాయంత్రం గోడలకు. బండి మీద నుంచి పడి చెయ్యి విరిగినవాళ్లు, బావి గట్టున జారిన ముసలమ్మలు ఏడు గంటలకే ఆమె గది ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు. మినప్పిండి, కోడిగుడ్ల తెల్లసొన, ఆకుపసరు కలిపి పట్టించి, వెదురు దబ్బలు ఆనించి, పాత నూలుగుడ్డతో బిగించి పంపించేది. నాలుగు గంటలకు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, అదే పిండి బక్కెట్టు నిండా కలుపుకుని, ఎవరి గోడ పగిలిందో, ఎవరి దూలం కుంగిందో చూడబోయేది. ఎముకకైనా దూలానికైనా నలభై రోజులే. నలభై ఒకటో రోజు కట్టు విప్పితే పగులున్న చోట గీత కూడా మిగిలేది కాదు. వాళ్ల నాయన కాలం నుంచీ అంతే. వీధిలో ఎవరూ దాన్ని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడుకునేదల్లా కోడిగుడ్ల ధర గురించే.

ఆమె గది ఏడంగళ్ల మిద్దెలో చివరిది. ఒకే కప్పు కింద ఏడు గదులు, ముందు పొడుగునా అరుగు, అరుగు మీద టేకు స్తంభాలు. కట్టి నూరేళ్లు దాటింది. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ అరుగు మీదే దిగేవి. బైపాస్ రోడ్డు పడినాక పెద్ద దుకాణాలన్నీ అటు పోయినాయి. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటితే వీధిలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. మిద్దెలో నాలుగు అంగళ్లకు రోజూ తాళం తీస్తారు. ముసలి కుప్పయ్య బొరుగుల అంగడి, దాని పక్కన గంగాధరం ఇనుప సామాన్ల అంగడి, ఆ పక్కన నందిని గాజుల అంగడి, చివర శకుంతలమ్మ గది.

ఒక సోమవారం మున్సిపాలిటీ నుంచి ప్రసన్నకుమారి అనే ఇంజనీరు వచ్చింది. పాత బజారును బాగుచేయాలని పై నుంచి ఉత్తర్వు వచ్చిందని చెప్పింది.

"ఏం చేస్తే జనం మళ్లీ ఇటు వస్తారో మీరే చెప్పండి. శనివారం పదింటికి ఈ వీధిలోనే కూర్చుందాం," అంది. వెళ్లబోతూ తల ఎత్తి కప్పు చూసింది. "ఒక్క మాట. మిద్దె గట్టిగా ఉంటేనే మీ ఆలోచనలు పనికొస్తాయి. ప్రమాదం అని నాకు కనిపిస్తే కూల్చమని రాయక తప్పదు."

ఆ మాటతో వీధి రెండయింది. ముగ్గురు ఒకచోట నిలబడితే నాలుగోవాడు వచ్చేసరికి మాట ఆగిపోయేది. మిద్దె ఉండాలనేవాళ్లు ఒక వైపు, పడగొట్టి మూడంతస్తులు లేపాలనేవాళ్లు ఒక వైపు. రెండో వైపు గట్టిగా మాట్లాడేది గంగాధరం.

గురువారం మధ్యాహ్నం అందరూ అంగళ్లు మూసి అన్నానికి పోయినారు. మూడు గంటలకు తిరిగొచ్చిన నందిని కేక పెట్టింది. గంగాధరం అంగడికీ కుప్పయ్య అంగడికీ నడుమనున్న స్తంభం నడుము దగ్గర అడ్డంగా పగిలి ఉంది.

శకుంతలమ్మ వచ్చి పగులు మీద అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లుగా విరిగిన ఎముకలు పట్టుకున్న చెయ్యి అది. జారి పడితే విరిగే తీరు వేరు, ఎవరన్నా కొడితే విరిగే తీరు వేరు.

"వయసైపోయింది గదమ్మా దానికి," అన్నాడు కుప్పయ్య.

ఆమె తల తిప్పి చూసింది. గంగాధరం తన అంగడి గడప మీద నిలబడి ఉన్నాడు. కుడి అరచేతికి రుమాలు చుట్టి ఉంది.

"చేతికేమైంది గంగాధరం?"

"ఏం లేదు." చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"అక్కా, ఆయమ్మ వచ్చేలోపల బిన్నా కట్టు కట్టేయి. పైన రంగేసేస్తే ఇంజనీరమ్మకు తెలీదు," అంది నందిని.

"దాచి కట్టేది కట్టు కాదు. ఆయమ్మ సూసినాకనే కడతా," అంది శకుంతలమ్మ.

ఇరవై రెండేళ్ల కిందట గంగాధరం నాయన చెంగల్రాయుడు అదే అంగట్లో దూలం కూలి చనిపోయినాడు. ఆ దూలానికి కట్టు కట్టింది శకుంతలమ్మ, విప్పిందీ శకుంతలమ్మే. విప్పిన మూడో రోజు కూలింది. వీధిలో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఆమె ఏమీ చెప్పలేదు. గంగాధరానికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. తర్వాత ఒకసారి అతని కాలు విరిగితే, అదే అరుగు మీద ఆమె గది ఉన్నా, ఆటోలో తిరుపతి పెద్దాసుపత్రికి పోయినాడు. ఎదురుపడితే "బాగుండావా అక్కా" అంటాడు. ఆమె చెయ్యి మాత్రం తన ఒంటి మీద గాని, గోడ మీద గాని పడనివ్వడు.

శనివారం వీధి మధ్యన జంపకానా పరిచి కుర్చీలేసినారు. ప్రసన్నకుమారి పుస్తకం తెరిచింది.

ముందు కుప్పయ్య లేచినాడు. "సాయంత్రం నాలుగు నుంచి బండ్లు రానీకుండా సేయండమ్మా, అరుగు పొడుగునా దీపాలు పెట్టండి. జనం నడిచొచ్చి ఈ అరుగు మీద కూసుంటే సాలు. కూసున్నోడు ఊరికే పోడు, పిడికెడు బొరుగులన్నా తింటాడు."

నందిని లేచింది. "అరుగులు, దీపాలు అన్నీ సరే. ఈ వీధిలో ఆడోళ్లకు ఒక బాత్రూమ్ లేదు మేడం. చీర కొనాలంటే మూడు గంటలు పడుతుంది. మూడు గంటలు ఆపుకొని ఎవరొస్తారు? బైపాస్ దుకాణంలో అది ఉండాది, అందుకే అందరూ ఆడికి పోతాండారు. ముందు అది కట్టండి." ఆడవాళ్లు నవ్వలేదు, తలలూపినారు. ప్రసన్నకుమారి ఆ మాట కింద గీత గీసుకుంది.

అప్పుడు గంగాధరం లేచినాడు.

"మీరంతా అరుగులు, దీపాలు అంటాండారు. ఆ కప్పు కింద రోజూ నిలబడేది నేను. మా నాయనను దాని కింద నుంచి తీసింది నేను. కట్టు కట్టినారు, బాగైపోయింది అన్నారు. యాడ బాగైంది? ఈ పొద్దు స్తంభం పగిలింది. రేపు ఎవరి బిడ్డ పోవాల? కొట్టేయండి మేడం. కొట్టేసి కొత్తది కట్టండి."

ప్రసన్నకుమారి లేచి స్తంభం దగ్గరకు పోయింది. వేలితో పగులు తడిమింది. జనం వైపు తిరిగింది. "ఇది వయసు వల్ల వచ్చిన పగులేనా? ఎవరైనా చెప్పగలరా?"

అందరూ శకుంతలమ్మను చూసినారు. గంగాధరం కూడా చూసినాడు. చూసి కళ్లు దించుకున్నాడు. ఆమె ఒక్క మాటంటే మిద్దె నిలుస్తుంది, అతను వీధిలో తలెత్తుకోలేడు. అనకపోతే మిద్దె పోతుంది.

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"మొదట ఇంకో దూలం సంగతి సెప్పాల," అంది. "చెంగల్రాయన్న అంగట్లో దూలం. నలభై దినాలు ఉండాల్సిన కట్టు ఇరవై రెండో నాడు విప్పినా. దీపావళి వచ్చె. కట్టు కింద ఊతంగా గుంజలు పెట్టినాం, అవి అడ్డమై గిరాకీ లోపలికి రాలేకపోతాండారు, విప్పు శకుంతలా అని ఆయన బతిమాలుకున్నాడు. వద్దని సెప్పాల్సింది నేను. సెప్పలేకపోయినా. దూలం తప్పు కాదు. నాది."

ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది.

"ఇన్నేండ్లు ఎందుకు సెప్పలా?" అన్నాడు గంగాధరం.

"భయం."

అతను ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగిపోయినాడు. కొడతాడేమోనని కుప్పయ్య మధ్యకు వచ్చినాడు.

"నేనడిగింది ఈ స్తంభం సంగతమ్మా," అంది ప్రసన్నకుమారి.

"దాని సంగతి నేను సెప్పను," అంది శకుంతలమ్మ. "తెలిసినోళ్లు సెప్పుకోవాల."

గంగాధరం చేతి రుమాలు విప్పినాడు. అరచేతిలో సమ్మెట పిడి ఒరుసుకున్న బొబ్బలు. "నేనే కొట్టినా మేడం," అన్నాడు. "నాలుగు దెబ్బలు. కూలాలని కాదు. మీరు సూడాలని."

నందిని అరిచింది. "నీ పక్క అంగట్లో నేనుండాను గదన్నా! ఆ మాట గుర్తు రాలేదా?" కుర్చీలు పడినాయి. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. పోలీసులను పిలవమని ఒకరు, వద్దని ఒకరు. ఆ గోలలో స్తంభం పుటుక్కుమంది. కప్పు నుంచి సున్నం రాలింది. అరుగు మీదున్న బొరుగుల మూట నెత్తిన బూడిద పోసినట్టు తెల్లబడింది.

"పట్టండి! ఎవరన్నా వచ్చి పట్టండి!" అంది శకుంతలమ్మ.

మనిషి కాలు లాగి కట్టేటప్పుడు ఒకరు గట్టిగా పట్టుకోవాలి. స్తంభానికీ అంతే. కానీ పట్టినవాడి మీదికి బరువు వస్తుంది. చొక్కా పట్టుకున్న చేతులను విదిలించుకుని గంగాధరం అరుగెక్కినాడు. ఎడమ భుజం స్తంభానికి ఆనించినాడు. కప్పు అతని మీదికి దిగింది. మోకాళ్లు వంగినాయి, మళ్లీ లేచినాయి.

"కదలొద్దు. ఏడుపొస్తే ఏడువు, కదలొద్దు," అంది ఆమె. నందిని ఇంటింటికీ పరుగెత్తి గుడ్లు తెచ్చింది. ప్రసన్నకుమారి చెప్పులు విడిచి పిండి కలిపింది. కుప్పయ్య తన పంచెలు రెండు చింపి ఇచ్చినాడు.

కట్టు బిగిసేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మిద్దెంతా గంగాధరం భుజం లోంచి పోయింది. ఏ అంగట్లో ఏ మూట ఎక్కడుందో, ఏ వాసం ఎక్కడ నలుగుతోందో అతనికి తెలుస్తూ ఉంది. చెమటలో తడిసిపోయి, పళ్లు బిగబట్టి, ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కా. ఆ చివర రెండు గదుల్లో ఏమీ లేదే? నొప్పి లేదు, బరువు లేదు. ఏమీ పలకడం లేదు."

శకుంతలమ్మ చేతులు ఆగినాయి. ఒక గది ఏళ్లుగా మూతపడి ఉన్నది. రెండోది ఆమెదే, వాళ్ల నాయన కూర్చున్న గది. మూడేళ్లుగా ఆ గోడల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆమెకు రాయి తగులుతోందే గాని గోడ తగలడం లేదు. ఆ సంగతి కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు.

"సచ్చిపోయినాయి," అంది ప్రసన్నకుమారితో. "రాసుకోండమ్మా. సచ్చిన ఎముకకు కట్టు లేదు. ఆ రెండూ కొట్టేయండి. ఈ అయిదూ బతికుండాయి."

"అందులో ఒకటి మీ గది కదా?"

"అవును. రాసుకోండి."

ఇంజనీరు నలభై రోజులు గడువు రాసింది. గంగాధరం మీద ఫిర్యాదు రాయాలా అని వీధిని అడిగింది. నందిని నలభై రోజులు అయినాక చెబుతానంది. ఆ నలభై రోజులూ గంగాధరం స్తంభం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కట్టు మీద చెయ్యి వేయబోయిన పిల్లలను తరిమినాడు. అతనితో చాలామంది మాట్లాడలేదు. నందిని ఇరవయ్యో రోజో ఏమో టీ ఇచ్చింది. మాట మాత్రం కలపలేదు.

నలభై ఒకటో రోజు కప్పు మీదికి ఇసుక మూటలు ఎక్కించి చూసినారు. స్తంభం కిక్కురుమనలేదు. మరుసటి వారం చివరి రెండు గదులు కూల్చినారు. ఆ జాగాలో ఆడవాళ్లకు బాత్రూములు లేచినాయి. సాయంత్రం నాలుగు తర్వాత బండ్లు ఆపినారు. జనం ఒక్కసారిగా విరగబడి రాలేదు. ముందు పల్లెల ఆడవాళ్లు వచ్చినారు, వాళ్ల వెనక పిల్లలు, పిల్లల వెనక ఐస్ బండి. ఫిర్యాదు గురించి ఇంజనీరు ఫోన్ చేస్తే, "ఏ ఫిర్యాదు మేడం?" అంది నందిని.

శకుంతలమ్మ బెంచీ గంగాధరం అరుగు మీదికి వచ్చింది. రమ్మని అతను పిలవలేదు. ఒక పొద్దున తన ఇనుప గొలుసులూ బక్కెట్లూ లోపలికి జరిపి, ఖాళీ చేసి వదిలినాడు. ఆమె వచ్చి కూర్చుంది.

గంగాధరం ఎడమ భుజం మాత్రం మళ్లీ పైకి లేవలేదు. నాలుగు వేళ్లంత కిందికి నిలిచిపోయింది. ఆమె కట్టు కడతానంది.

"వద్దక్కా. బాగుండాది," అన్నాడు.

కార్తీకమాసంలో ఒక రోజు, వాన వెలిసిన సాయంత్రం, గంగాధరం ఎవరికో మేకులు తూస్తూ ఆగిపోయినాడు. భుజం పట్టుకుని, తక్కెడ వదిలి వీధిలోకి దిగినాడు.

"యాడికి?" అంది శకుంతలమ్మ.

"పాల డిపో వెనక ఇల్లు. వంటింటి గోడ. నొస్తాండాది."

"పిలిచినారా?"

"లేదు."

ఆమె లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"గుడ్లు ఎనిమిది సాలు," అంది. "పిండి మరీ పల్చన సేయొద్దు. ఎవరు బతిమాలినా నలభై లోపల విప్పొద్దు."

గంగాధరం తల ఊపినాడు. పాల డిపో వెనక ఆ ఇంటి తలుపు తట్టినప్పుడు, లోపల్నుంచి నిండు చూలాలు ఒకామె వచ్చి తీసింది. ఇప్పుడే పొయ్యి ముందు కూర్చోబోతున్నానంది. అతను చెప్పులు విడిచి, ఆమెను పక్కకు జరగమని, వంటింట్లోకి పోయి ఎడమ భుజం గోడకు ఆనించినాడు.