దేవుడి పిడికెడు

సువార్తమ్మ అన్నది "ఆమెన్" అని. అత్త ఓబమ్మకు వినబడింది "ఆముదం" అని.

పొయ్యి మీద ఎసరు కాగుతోంది. చాటలో బియ్యం ఏరడం అయింది. సువార్తమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి, కందిపప్పు డబ్బా వెనకున్న చిన్న కుండలో పోసి, పెదవులు కదిలీ కదలనట్టు రెండు ముక్కలు ప్రార్థించి, ఆ చివరి మాట ఒక్కటీ కాస్త పైకి అనేసింది. గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న ఓబమ్మకు చెవులు ఎప్పుడో సెలవు పెట్టాయి గానీ అనుమానం మాత్రం డ్యూటీలోనే ఉండేది. కోడలు ఆముదం అడుగుతోందంటే కడుపు బిగబట్టి ఉండాలని తేల్చుకుంది. వరండాలో కొడుకూ, అతని స్నేహితులు నలుగురూ మూఢనమ్మకాల నిర్మూలన గురించి మాట్లాడుకుంటుంటే, వాళ్ళ నెత్తిమీదుగా కేకేసి చెప్పింది.

"జయరాముడా, నీ పెండ్లానికి కడుపు కదల్లేదంట. ఆముదం అడుగుతాంది."

నలుగురూ నవ్వారు. సువార్తమ్మ నోరు విప్పి ఒక్క మాట దిద్దితే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో ఆమెన్ అన్నానని ఒప్పుకోవడం కన్నా ఆముదం తాగడం తేలిక. అత్త తెచ్చిచ్చిన గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో మింగింది. ఆ రోజంతా ఆమె పడిన అవస్థ రాయడం మర్యాద కాదు.

ఇంతకీ జయరాముడు చెడ్డవాడు కాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే శాపనార్థాలకైనా వీలుండేది. యాడికి హైస్కూల్లో సైన్సు సారు, హేతువాద సంఘానికి కార్యదర్శి. తాగడు, కొట్టడు. ఊరికి నాలుగు మైళ్ళవతల పాలెంలోని క్రైస్తవుల పిల్లను, ఊరంతా ముక్కున వేలేసుకుంటుండగా, రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. సంతకం పెట్టిన సాయంత్రమే ఆమె పేరు సువర్ణ అని మార్చాడు. వార్త తీసేసి వర్ణం పెట్టాడన్నమాట. వర్ణాలు నశించాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మనిషి, పెళ్ళాం పేరులోకే వర్ణాన్ని తెచ్చిపెట్టాడేమిటా అని ఆమెకు నవ్వొచ్చింది. కొత్త పెళ్ళికూతురు కదా అని ఆపుకుంది. తరవాత ఆపుకోవడమే అలవాటైపోయింది, నవ్వునీ, మాటనీ, అన్నిటినీ.

సభ జరిగితే వేదిక మీద ఆమెకూ ఒక కుర్చీ వేయించేవాడు. "ఈమె నా భార్య. క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. ఆలోచించడం నేర్చుకుని దేవుణ్ణి వదిలేసింది" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆమె దేవుణ్ణి వదల్లేదు. వదిలావా అని ఆమెను ఎవరూ అడగనూ లేదు. స్త్రీకి నోరుండాలని గంటన్నర మాట్లాడి ఇంటికొచ్చి, ఎనిమిది మందికి టీ కావాలని వేళ్ళతో చూపించేవాడు. నోరు అలిసిపోయి ఉండేది పాపం. వాళ్ళు టీ తాగుతూ కన్నెమరియ గురించి జోకులేసుకుంటే సువార్తమ్మ గ్లాసులు ఏరుకుంటూ వినేది. యేసెవరో తనకు తెలియదని పేతురు బొంకినప్పుడు కోడి కూసి గుర్తు చేసింది. ఈ ఇంట్లో ఆ దిక్కు కూడా లేదు. సంఘం వాళ్ళు వస్తున్నారంటే కోడి కూసేలోగానే కూరైపోయేది.

అటు పాలెం గుడిలోనూ ఆమెకు చోటు లేదు. అన్యుణ్ణి చేసుకుందని పాస్టరు యేసన్నగారు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వడం ఆపేశారు. ఒకచోట దేవుడున్నాడన్నందుకు లోకువ, ఒకచోట మొగుడున్నాడన్నందుకు వెలి. మిగిలిందల్లా ఆ పిడికెడు బియ్యమే. వండే ప్రతిపూటా మొదటి పిడికెడు దేవుడికని ఎత్తిపెట్టడం పాలెం ఆడవాళ్ళ ఆచారం. ఎంత కరువైనా సరే, ముందు ఆయనది తీశాకే తమది ఎసట్లో పోస్తారు. నెలకోసారి గుళ్ళో పోసినదాన్ని ఒంటరి ముసలివాళ్ళకు పంచుతారు. బల్ల దగ్గర మనిషిని ఆపగలరు గానీ, గింజల్ని పట్టుకుని నీ మొగుడెవరని అడగలేరు కదా. నెలకో శనివారం తల్లి దీవెనమ్మ నాలుగు మైళ్ళు నడిచి పెరటి తలుపు దగ్గరికొచ్చేది. కుండలోని బియ్యం సంచిలో పోసుకుని, మర్నాడు తన పిడికెడు జొన్నలతో పాటు గుళ్ళో పోసేది. ఎవరివని చెప్పేది కాదు. తాను తినేది మాత్రం జొన్న సంగటే. ఆ బియ్యంలో ఒక్క గింజ ఆమె నోట్లో పడి ఎరగదు.

వానలు వరసగా రెండో ఏడు మొహం చాటేశాయి. శెనక్కాయ పంట భూమిలోనే మాడిపోయింది. సారు ఇంట్లో కూడా బియ్యం పొదుపైంది. ఓబమ్మ డబ్బాలో బియ్యం మట్టానికి బొగ్గుతో గీత గీసి పెట్టడం మొదలుపెట్టింది. వండినదానికన్నా ఎక్కువే తగ్గుతోందని నాలుగు రోజులకే పసిగట్టింది. ఆ శనివారం పెరట్లో కాపు కాసి, సంచితో వెళ్ళిపోతున్న దీవెనమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చి నిలబెట్టింది. జయరాముడూ, అతని స్నేహితుడు కదిరప్పా మర్నాడు తాడిపత్రిలో జరిగే సభకు కరపత్రాలు మడుస్తున్నారు.

"ఏందిది సువర్ణా" అని అడిగాడు జయరాముడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు.

చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇవి దేవుడివి, నేనే ఎత్తిపెట్టినా, మా అమ్మ మోస్తాంది, అంతే. కానీ సువార్తమ్మ కళ్ళముందు మర్నాటి వేదిక కనబడింది. కుర్చీ కనబడింది. కదిరప్ప మూతి మీద అప్పుడే మొలుస్తున్న నవ్వు కనబడింది. నీ ఇంట్లోనే దేవుణ్ణి వెళ్ళగొట్టలేనోడివి ఊళ్ళో ఏం వెళ్ళగొడతావప్పా అని వాళ్ళు జయరాముణ్ణి ఏడిపిస్తారు. ఆయన ఆమెను ఏమీ అనడు, కానీ వారం రోజులు ముఖం చూడడు, కంచం ముందు పెడితే పుస్తకం తీస్తాడు. ఆ మౌనం ఆమెకు తెలుసు. పైగా, చూడూ, అమ్మే కదా, అమ్మకు చెప్తే అర్థం చేసుకుంటుంది, రేపో మాపో పోయి కాళ్ళు పట్టుకోవచ్చు అనుకుంది. మనం నమ్మేదాన్ని మోసం చేసేటప్పుడు ముందుగా అమ్మనే తాకట్టు పెడతాం, ఆమె ఎలాగూ విడిపించుకుంటుందని.

"నాకేం తెల్దు" అంది సువార్తమ్మ.

దీవెనమ్మ కూతురి వైపు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. సంతలో తప్పిపోయిన పిల్లను వెతికే మనిషిలా చూసింది. అల్లుడు తనను సామీ అని పిలవొద్దని, పేరు పెట్టే పిలవమని ఎన్నోసార్లు చెప్పినవాడు. ఆమె అతి కష్టం మీద అల్లుడా అనడం నేర్చుకుంది.

"తప్పైంది సామీ. కడుపు కక్కుర్తి" అంది ఆ రోజు.

జయరాముడి మనసు కరిగింది. ఆకలి తప్పు కాదత్తా, ఈసారి అడిగి తీసుకపో అన్నాడు. దీవెనమ్మ సంచిని వరండా గట్టు మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పెరటి తలుపు దగ్గరికి రాలేదు. సువార్తమ్మ రేపు పోదామంది, మాపు పోదామంది. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజంది, పరీక్ష పేపర్ల రోజంది, అత్తకు జ్వరమంది. ఇంటి పనికి ఒక్క సుగుణముంది, చేయడానికి మనసొప్పని పనికి ఎప్పుడూ అడ్డు నిలుస్తుంది. పాలేనికి రెండుసార్లు పోయింది గానీ, రెండుసార్లూ తల్లి ఆ సంగతి ఎత్తనివ్వలేదు. ఎత్తనివ్వలేదని తానూ ఎత్తలేదు.

జయరాముడికి మాత్రం ఉపన్యాసంలోకి ఒక కొత్త పిట్టకథ దొరికింది. "మా అత్త గొప్ప భక్తురాలు, అయినా బియ్యం దొంగిలించాల్సి వచ్చింది. దేవుడు కడుపు నింపలేదు కాబట్టే కదా." శింగనమలలో చెప్పాడు, బెళుగుప్పలో చెప్పాడు. చెప్పిన ప్రతిచోటా సువార్తమ్మ పక్క కుర్చీలో ఉంది. మొదటి రోజు చెవులు కాలాయి. పదోసారికి ఏ మాట దగ్గర జనం నవ్వుతారో ఆమెకు కూడా కంఠతా వచ్చేసింది.

ఎనభై ఐదు ఎండాకాలంలో దీవెనమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. కబురంది పోయేసరికి శవపెట్టె మూసేశారు.

పోయినామెను తలుచుకునే ఆదరణ కూడిక పాలెం గుడి ముందు పందిట్లో, పొద్దు వాలకముందే మొదలైంది. జయరాముడు నమ్మకం లేకపోయినా మర్యాదగా వచ్చాడు. యేసన్నగారు పెద్దమనిషి, అల్లుడు కూడా రెండు మాటలు చెప్పాలన్నారు. రెండు మాటలంటే జయరాముడి దగ్గర చిల్లర ఉండదు కదా. నిజంగా ప్రేమగానే మాట్లాడాడు. ఆమె ఓర్పు చెప్పాడు, నడక చెప్పాడు. అలవాటు చొప్పున బియ్యం కథ కూడా చెప్పేశాడు.

"మా ఇంట్లో బియ్యం దొంగతనంగా మోసుకపోతాండె. నేను ఒక్క మాటన్లేదు. ఆకలి అట్లా చేయిస్తాది."

పందిట్లో ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుళ్ళో ప్రతి నెలా కానుక బియ్యం కొలిచి పంచేది మారెక్క. దీవెనమ్మ ఇంట్లో జొన్నలు తప్ప ఇంకేమీ ఉండవని ఆమెకు తెలుసు. అయినా రెండేళ్ళ కిందటి దాకా నెలనెలా అన్నేసి బియ్యం ఎలా తెచ్చేదో ఇన్నేళ్ళూ ఆమెకు అంతుపట్టలేదు. ఇప్పుడు పట్టింది, తప్పుగా. "అయితే ఆయమ్మ దేవునికి పోసినేది దొంగ బియ్యమా" అని పక్కనున్న లక్ష్మక్కతో అన్న మాట పందిరంతా వినబడింది.

ఇంకో నిమిషం ఊరుకుంటే అదే ఖాయమైపోతుంది. సువార్తమ్మ లేచి నిలబడింది. కూర్చోమని జయరాముడు చేత్తో సైగ చేశాడు. టీ అడిగే వేళ్ళే అవి.

"మా యమ్మ దొంగ గాదు. ఆ బియ్యం నేను ఎత్తిపెడ్తాంటి. పూటకో పిడికెడు, దేవునికని. మీరు నన్ను బల్లకు రానీకున్నా పెట్టినా, ఈ సారు నేను దేవుణ్ణి ఇడిసినానని ఊరూరా చెప్తాన్నా పెట్టినా. మా యమ్మ మోసింది, అంతే. పట్టుకున్న దినం సారు నన్నే అడిగినాడు. నాకు తెల్దంటి. ఆయమ్మ నా మొగం చూసి, దొంగతనం తన నెత్తిన ఏసుకునింది."

జయరాముడు ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు. మారెక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. నెమ్మదిగా అంది.

"రెండేండ్లాయె. ఆయమ్మ బతికుండంగ ఈ మాట చెప్పిండచ్చు గదా పాపా."

"చెప్పిండచ్చక్కా. చెప్పలేదు" అంది సువార్తమ్మ. "అది చెప్పేకే లేసినా."