నల్ల గుండీ

పొద్దున్నే ఇంటి ముందరి కుట్టుకొట్టు తలుపు తీయగానే వదిన చేసే మొదటి పని, నేల మీది గుండీలు ఏరడం. ఆ ఇంట్లో ఎవరు ఏది మరిచినా అది గుండీ అయి రాలుతుంది. ఆ గుండీలన్నీ ఆమె భర్తవే. కటింగ్ మాస్టరు. కొలత మరిచినా, మనిషిని మరిచినా టపటపా రాల్చేవాడు. అందరి కళ్ళా పడ్డాడు కాబట్టి వేళకి డాక్టరూ దొరికాడు, మందులూ దొరికాయి.

ఆయన చెల్లెలు, చొక్కాలకి గుండీల కాజాలు కుట్టే కాజాలమ్మవీ రాలుతున్నాయి. కానీ ఆవిడది చురుకు చెయ్యి. నేలకి తగిలేలోపే పట్టి, ఎవరూ చూడకుండా తన కోటు లోపలివైపు కుట్టేసుకునేది. కాజా కుడుతూ కుడుతూ లేచేది. సొరుగులన్నీ లాగేది. దేనికి లేచిందో తెలీక కూర్చునేది. మళ్ళీ లేచేది.

ఉండబట్టలేక తనే డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన పది మాటలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. గడగడా అప్పజెప్పింది.

"మీకేం లేదమ్మా. మీ అన్నగారు మూడు దాటలేదు!"

"ఆడదాని నోట్లో మాటలు చివరిదాకా ఉంటాయయ్యా. నాకు దారే తెలీడం లేదు."

"కంగారు, అంతే. వెళ్ళిరండి."

బయటికొచ్చాక ఇల్లు ఎటో తోచలేదు. అడగడానికి పరువు అడ్డం. తిరిగిన వీధే తిరిగి తిరిగి ఇల్లు చేరింది.

వదిన బట్టల కత్తెరతో అట్టపెట్టె కోసి పదును పోగొట్టిందని, ఆమెతో కాజాలమ్మకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఏం కావాలన్నా గోడకి చెప్పేది. అలాంటిది ఆ సాయంత్రం నవ్వుతూ, "వదినా, కాళ్ళు లాగుతున్నాయి. కాసిని మంచినీళ్ళిస్తావా?" అంది.

ఠంగుమని అరచెయ్యంత నల్ల గుండీ నేల మీద పడింది. పట్టుకోవడానికి కాజాలమ్మ చెయ్యి చాచనేలేదు.

పగ మరిచిందని సంతోషించాల్సిన వదినకి గుండె జారింది. ఆవిడ కోటు తిరగేసి చూస్తే, లోపలంతా గుండీలే, సూది దూరే చోటు లేదు.

మర్నాడు ఆవిడని వెంటబెట్టుకెళ్ళి, ఆ కోటు డాక్టరు బల్ల మీద పరిచింది. "ఈవిడ నాతో ప్రేమగా మాట్లాడింది. ఇంతకంటే రోగం ఏం కావాలి? మాటలు కాదు, ఇంటికి దారి అడగండి."

"వీధి మలుపు దాటాక..." అని కాజాలమ్మ ఆగిపోయింది. డాక్టరు తలదించుకుని, ఆ పూటే మందు మొదలుపెట్టాడు.

బయట బల్ల మీద కూర్చుని వదిన ఆ నల్ల గుండీని లోపల దాచకుండా, కోటు మెడకి పైవైపునే గట్టిగా కుట్టింది. కాజాలమ్మ వేలితో తడిమి మొహం చిట్లించింది.

"కుట్టు వంకర. అట్టపెట్టెలు కోసే చేతులకి ఇంతకన్నా ఏమొస్తుంది!" అంది గోడతో.

"అమ్మయ్య," అని వదిన కళ్ళు తుడుచుకుంది.

దారి పొడుగునా ఒక్క మాట లేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.