మచ్చల చేపకు పేరు దొరికిన రోజు

"అత్తయ్యగారండి, అది చావడం లేదండి. పడుకుంది," అని హైమావతి మూడోసారి చెబుతోంది. సుభద్రాయమ్మగారు అప్పటికే బకెట్టు తెప్పించి నా పక్కన పెట్టించారు.

"చేప పడుకోవడమేంటమ్మా? ఇంటి దిష్టంతా దాని మీద పడింది. ఒళ్ళంతా ఆ మచ్చలు చూడు. ప్రాణం ఉండగానే కాలవలో పారే నీళ్ళలో వదిలెయ్యాలి."

ఈ వాదన నా ముందే నడుస్తోంది. నేను ఒక నాలుగడుగుల చేపల తొట్టిని. భీమవరంలో అద్దాల కొట్టువాడు ఐదు పలకలు కోసి అతికించి, ఒక రోజంతా నీళ్ళు నింపి చూసి, చుక్క కూడా కారకపోతే మురిసిపోయాడు. నా మొదటి కాపురం పళ్ళ డాక్టరుగారి దగ్గర. వాచిన బుగ్గలు పట్టుకుని గంటల తరబడి నావైపే చూసినవాళ్ళలో, లోపల ఎన్ని చేపలున్నాయో ఒక్కరూ చెప్పలేరు. డాక్టరుగారు ఊరు మారాక సత్తిరాజుగారు నన్ను కొని, తల్లి సుభద్రాయమ్మగారు చూపించిన ఈశాన్యం మూలలో పెట్టారు. ఆయన చేపల చెరువులకు మేత అమ్ముతారు. చెరువు చేపలన్నీ ఆయనకు పేరుపేరునా తెలుసు. నాలో ఉన్నవి మాత్రం అన్నీ 'రంగు చేపలే'.

ఆరు నెలల కిందట వేలెడంత మచ్చల చేపను తెచ్చారు. పేరడిగితే కొట్టువాడు "సాధుజీవండి" అన్నాడట. అది అరచేయంత అయింది. పోయిన నెల గప్పీలనే చిట్టి చేపలు పన్నెండు వచ్చాయి. ఇప్పుడు నాలుగున్నాయి. ఒక్కటీ చచ్చి తేలలేదు.

"నీళ్ళు మార్చడం మరిచిపోయి, చచ్చినవాటిని చెప్పకుండా పారేస్తున్నావేమోనమ్మా," అన్నారు మొన్న అత్తగారు. ఆ మాట పడ్డాక కోడలికి ముద్ద దిగడం లేదు. చేపలు పోయినందుకు కాదు, తనను అబద్ధాలకోరును చేసినందుకు. నాకు అంతా తెలుసు. గాజుకు నోరేదీ?

నిన్న హైమావతి మచ్చల చేప ఫోటో తీసి, చేపలు పెంచేవాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టింది. సరిగ్గా ఇప్పుడు జవాబు వచ్చింది. పైకి చదివింది. "ఇది చచ్చినట్టు పక్కకు ఒరిగి పడుకుంటుందా? అయితే దగ్గరికి చిన్న చేప వచ్చేదాకా చూడండి."

"పది నిమిషాలండి. తరవాత మీ ఇష్టం," అంది హైమావతి.

అత్తగారు కుర్చీ లాక్కున్నారు. సత్తిరాజుగారు భోజనం బల్ల దగ్గర నుంచి ఎంగిలి చేత్తోనే వచ్చారు. కూతురు ప్రణవి నా గాజుకు ముక్కు ఆనించింది. నా జన్మలో ఇంతమంది నన్ను ఇంత శ్రద్ధగా చూడలేదు.

ఇసుక మీద మచ్చల చేప కుళ్ళిన శవంలా పడి ఉంది. రెక్క ఆడలేదు. ఒక గప్పీ వచ్చి దూరంగా ఆగింది. ఇంకాస్త దగ్గరికొచ్చింది. మచ్చ మీద మూతి పెట్టిందో లేదో, శవం లేచింది. నా నీళ్ళు ఒక్కసారి కదిలిపోయాయి. గప్పీ లేదు.

"మింగేసింది నానమ్మా," అంది ప్రణవి, మెల్లగా.

హైమావతి వేళ్ళు ఫోన్ మీద పరుగెత్తాయి. వచ్చిన జవాబును పరీక్ష పాసైనంత సంబరంగా చదివింది. "లివింగ్‌స్టోని. ఆఫ్రికాలో మలావీ సరస్సుదండి. సిక్లిడ్ అనే జాతిలో వేటాడే రకం. అక్కడివాళ్ళు దీన్ని 'నిద్రపోయేది' అంటారట. మన జిలేబీ చేపకి చుట్టమేనటండి."

జిలేబీ పేరు వినగానే సత్తిరాజుగారి మొహం మారింది. "ఆ జిలేబీలు కాలవలోంచే కదా చెరువుల్లోకి ఎక్కి మేతంతా తినేస్తున్నాయి. అవి మేతే తింటున్నాయి. ఇది చేపపిల్లలనే తింటుంది. కాలవలో వేసుంటే నన్ను ఊళ్ళో ఉండనిచ్చేవారా?"

సుభద్రాయమ్మగారు కోడలి వైపు తిరిగారు.

"అయితే నువ్వు పారెయ్యలేదన్నమాట."

"లేదండి."

"పద. అన్నం తిందువు గాని."

హైమావతి కదల్లేదు. వలతో మూడు గప్పీలనూ ఒక్కొక్కటిగా తీసి స్టీలు గిన్నెలో వేసింది. చెయ్యి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా, అందరికీ వినపడేలా నెమ్మదిగా అంది. "ఇది ఎక్కడికీ వెళ్ళదండి. వీటికి వేరే తొట్టి తెద్దాం. రెండూ నేనే చూసుకుంటాను. ఎన్ని ఉన్నాయో ఇకమీదట నేను చెప్పిందే మాట."