‘లేదు’ గుట్ట

పొగాకు బ్యారన్ లోపల నిలబడి ఉన్నాను, పొయ్యి ఎవరు ముట్టించారో తెలియదు, పొగాకు కట్టిన కర్రలు వరస మీద వరసగా పైకి పోతున్నాయి, తల ఎత్తినకొద్దీ ఇంకా ఆకే తప్ప కప్పు కనపడటం లేదు, పచ్చగా ఉన్న ఆకు నేను చూస్తుండగానే పండి పసుపుకు తిరుగుతోంది. బ్యారన్ కాల్చడం, అంటే మంట పెట్టి ఆకు పండించడం, నా పని. వేడి ఎంతుందో చూద్దామని గోడకున్న థర్మామీటరు అద్దం దగ్గరికి పోతాను. అద్దంలో పాదరసం లేదు. అందులోంచి ఒక ఆడపిల్ల గొంతు వస్తోంది, నిన్న ఫోనులో మాట్లాడిన గొంతే.

"మాలకొండయ్య గారూ, ఆవిడకు జ్వరం ఉండేదా? ఉంది, లేదు, తెలియదు, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పండి."

"నిన్ననే చెప్పాను గదమ్మా. లేదు."

"దగ్గు?"

"లేదు."

నా భార్య ఆదెమ్మ ఇంట్లోనే చచ్చిపోయింది. అట్లా ఇంట్లో పోయినవాళ్ళు ఎందుకు పోయారో తేల్చడానికి ఇదొక పద్ధతట, ఎక్కడో పట్నంలో కూర్చుని ఫోను చేసి, దగ్గరుండి చూసుకున్నవాళ్ళను ఒక్కొక్కటే అడిగి, చెప్పినదాన్ని బట్టి ఫలానా జబ్బు అని నిర్ణయిస్తారట. బతికి ఉండగా నీకు ఎక్కడ నొప్పి అని ఒక్కడూ ఫోను చేయలేదు. మట్టి చేశాక మాత్రం తల వెంట్రుక దగ్గర్నుంచి కాలి గోరు దాకా అడుగుతున్నారు.

అద్దాన్ని వదిలి నడుస్తాను, నడిచేకొద్దీ బ్యారన్ గోడలు పక్కకు జరిగి ఆకు గ్రేడు చేసే షెడ్డు అవుతుంది, అయినా పైన కర్రలు అట్లాగే వేలాడుతున్నాయి. ఆదెమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఆకు ఏరుతోంది. వేళ్ళకు నల్లగా జిగురు. ఆమె చచ్చిపోయిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఆ సంగతి ఇద్దరం ఎత్తుకోము. ఆమె ముందు మూడు గుట్టలు ఉండాలి. చారెడు ఆకు ‘ఉంది’ అట. నడుమెత్తు లేచింది ‘లేదు’ అట. ‘తెలియదు’ ఉండాల్సిన మూడోచోట ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు.

"ఏంది మావా ఇది," అంటుంది తల ఎత్తకుండా. "వచ్చిందంతా ఒక్క గుట్టకే ఏశావు. ఇట్టా గ్రేడు చేస్తే మేస్త్రి షెడ్డులోకి రానిస్తాడా?"

"అడిగినదానికి చెప్పా."

"కాళ్ళు వాచినయ్యా అంటే లేదన్నావు. ఆయాసం వచ్చిందా అంటే లేదన్నావు. నా కాళ్ళు నువ్వెప్పుడు చూశావు?"

"మొగుణ్ణి. తెలీదంటే ఏం మర్యాద? ఆ పిల్ల నవ్వుకోదూ?"

"ఆ పిల్ల యాడుందో, నువ్వు యాడున్నావో. నవ్వితే నీకు వినపడిద్దా?"

నాకు ఒళ్ళు మండుతుంది. కోపం వచ్చేసరికి షెడ్డు మసకబారి బజారులో సూదులేసే భూషణం కొట్టు అవుతుంది, పాత చీర తెర కట్టిన కొట్టు, బల్ల మీద జనం చేతులు మడిచి వరసగా కూర్చుని ఉన్నారు, వాళ్ళ ముఖాలు కంటికి ఆనటం లేదు, వాళ్ళ మధ్యనే ఆదెమ్మ ఒళ్ళో ఆకు పెట్టుకుని ఏరుతూనే ఉంది. భూషణం డాక్టరు చదువు చదవలేదు. సూది వేయడం నేర్చుకున్నాడు. పొద్దున సూది వేసి పంపాడు, దీపాలు పెట్టే వేళకు ఆమె పొయ్యి ముందు పడిపోయింది.

"వాడు చంపాడు నిన్ను," అంటాను. "ఆ పిల్లకు అదే చెప్పా, భూషణం సూది అని రాసుకో అన్నా. రాసుకోదు. నొప్పి ఉండేదా, వాంతి ఉండేదా అని మళ్ళీ మొదటికొచ్చిద్ది."

"ఆ సూదికి ముందే నేను సగం పోయి ఉన్నా."

"అయితే వాణ్ణి వదిలిపెట్టమంటావా?"

"వదలమని నేనన్నానా? నీరసమంటే అదే సూది, నడుము నొప్పంటే అదే సూది. ఒక్కసారన్నా నాలిక చూపించమని అడగలా, సచ్చినోడు. తిట్టు, నేను కూడా తిడతా. కానీ మావా, నా చావంతా వాడికొక్కడికే రాసియ్యబాక."

తెర వెనక నుంచి గొంతు మళ్ళీ వస్తుంది, మెల్లగా, మర్యాదగా, నిన్న అడిగినట్టే. "ఆవిడకు నెలసరి కాని రోజుల్లో రక్తం పోయేదా అండీ?"

నిన్న ఈ మాటకే నేను కేకలు వేశాను. పరాయి మగాణ్ణి అడిగే మాటేనా అది, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అన్నాను. ఆ పిల్ల కోపగించలేదు. దగ్గరుండి చూసుకున్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే పిలిచి పెట్టండి, రేపు మధ్యాహ్నం చేస్తాను, రేపటితో మీ ఇంటిది ముగించి పంపేయాలి అంది. లేదు, అలాంటిదేమీ లేదు అని అరిచి ఫోను పెట్టేశాను.

"ఆ ఆకు ఇదే," అంటుంది ఆదెమ్మ. ‘లేదు’ గుట్టలో నుంచి ఒకటి లాగి చూపిస్తుంది. అది ఆకు కాదు. చీర చింపిన పేలిక. తల ఎత్తి చూస్తాను, కర్రల మీద వేలాడుతున్నదంతా అదే, పాత చీరల ముక్కలు, నా గళ్ళ లుంగీ ముక్కలు, ఉతికినా మరక వదలని ముక్కలు, వరస మీద వరసగా, కప్పు కనపడకుండా.

"ఏడాది దాటింది," అంటుంది. "బయట ఆరేస్తే నీ కంట పడతయ్యని చీర కింద ఆరేసేదాన్ని."

"ఎవరికి తెలుసు?"

"ఇంకెవరికి? మస్తానమ్మకి."

మస్తానమ్మది పక్కిల్లు. షెడ్డులో ఆదెమ్మ పక్కన కూర్చుని ఆకు ఏరే మనిషి. కర్మంతరం అయిన మర్నాడు మా కట్టెల మోపు వెనక నుంచి మూట తీసుకుపోతుంటే పట్టుకుని దొంగ అన్నాను. ఆ రోజు నుంచి ఆమెకూ నాకూ మాట లేదు.

"బజారంతా వినేటట్టు అన్నావంట," అంటుంది ఆదెమ్మ. "ఆ మూటలో నా పట్టుచీరలు ఉన్నయ్యనుకున్నావా? ఎన్ని పట్టుచీరలు కొనిచ్చావు మావా నాకు?"

తల ఎత్తుతాను, మూటలోవి ఈ పేలికలే. జవాబు నెత్తిమీద వేలాడుతోంది.

"దానికి చెప్పావు," అంటాను. "గోడ అవతలిదానికి చెప్పావు. కట్టుకున్నవాడికి చెప్పలా."

"చెప్తే ఏం చేసేవాడివి?"

"ఒంగోలు తీసకపోయేవాణ్ణి."

"బ్యారన్ మండతా ఉంటేనా?"

"ఆర్పేసి వచ్చేవాణ్ణి."

"నువ్వా? ఆకు రంగు తిరిగితే రోడ్డు మీద నుంచే పసిగడతావే, నా మొహాన నెత్తురు చుక్క లేదని చూళ్ళా?"

"చూడనిచ్చావా? రోజూ పసుపు పూసుకుని తిరిగావు!"

ఆమె నవ్వుతుంది. బతికి ఉన్నప్పటి నవ్వే, ముక్కుతో నవ్వే నవ్వు. "పూసుకుంటే ఏమన్నావు? ఈ వయసులో పెళ్ళికూతురి సోకులేందే అన్నావు."

"దాచింది నువ్వు. నీ తప్పుకి నేను వెర్రివాణ్ణయ్యా. నేను మాత్రం నిన్ను వదలను ఆదెమ్మా. ఈ సంగతిలో వదలను."

"ఎవరు వదలమన్నారు? నేనూ నిన్ను వదలను. ఇద్దరం సమానం." ఆమె ఒక ఆకు తీసి, మామూలు ఆకే, బాగా పండిన ఆకు, నా అరచేతిలో పెడుతుంది. "షెడ్డులో ఈ జబ్బు నాకొక్కదానికే అనుకుంటన్నావా? అందరం ఒకే గోనెపట్టా మీద కూర్చుంటాం, ఒకరి మొహం ఒకరం చూసుకోం. నువ్వు లేదు లేదు అని చెప్పి పంపితే, నాకేదో గుండె ఆగిందని రాస్తారు. గుండె ఆగనిది ఎవరికి? అప్పుడింక ఈ ఊరి ఆడోళ్ళకు భూషణమే గతి."

"అయితే నన్నేం చెయ్యమంటావు? నీ గుట్టు నా నోటితో చెప్పమంటావా?"

"నీకు తెలిస్తేగా చెప్పడానికి," అని ఊడ్చిన నేల చూపిస్తుంది. "ఒక్క ఆకు అక్కడ వెయ్యి."

చెయ్యి వంచుతాను. ఆకు పడదు. జిగురుకు అంటుకుపోయింది, విదిలిస్తాను, లుంగీకి రాస్తాను, ఊడదు, ఆమె ఇంకా నేల చూపిస్తూనే ఉంది, ఆమె వెనక కర్రలు ఒక్కొక్కటే వెలుతురులోకి మాయమవుతున్నాయి, ఇంకెక్కడో ఏదో మోగుతోంది, మోగుతోంది.

మెలకువ వచ్చింది. పంచలో నులకమంచం మీద ఉన్నాను. మధ్యాహ్నం ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. ఫోను నా చేతి కిందే మోగుతోంది.

"నమస్తే అండీ. నిన్న చెప్పాను కదా, ఒక ప్రశ్న మిగిలింది..."

"అడుగు."

ఆ పిల్ల అడిగింది. అదే మాట.

"తెలియదు," అన్నాను. ఇన్ని ప్రశ్నల్లో ఈ మాట అనడం అదే మొదలు. "తెలిసినామె ఉంది. ఆగు, పిలుస్తా. కానీ ఆ సూది సంగతి మాత్రం నేనే చెప్తా. నువ్వు రాసుకోవాలి. రాసుకున్నాక నాకు చదివి వినిపించాలి."

"సరేనండీ," అంది.

గోడ దగ్గరికి పోయాను. అవతల మస్తానమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది, నాకు వీపు చేసి. దండెం మీద ఆమె చీర. ఇంత ఎండకు ఎప్పుడో ఆరిపోయి గాలికి రెపరెపలాడుతోంది. నడిమధ్యన మాత్రం జానెడు మేర తడిగా ఉంది, కింద ఇంకేదో ఆరుతున్నట్టు.

"మస్తానమ్మా," అన్నాను.

ఆమె ఉలిక్కిపడి లేచింది. ముందు దండెం దగ్గరికి పోయి చీర అంచు కిందికి లాగి సర్దింది. ఆ తర్వాతే నా వైపు తిరిగింది.