గులాబీ చుట్టూ కంచె

మహబూబ్ సుభాని భట్టిప్రోలు స్టేషన్ దగ్గర చాలా ఏళ్ళు జట్కా తోలాడు. ఆటోలు వచ్చాక బండి మూలపడింది, అతను రైస్‌మిల్లులో బస్తాలు మోయడానికి కుదురుకున్నాడు. గుర్రాన్ని మాత్రం అమ్మలేదు. దాని పేరు గులాబీ. ఎనభై ఎనిమిది వానాకాలంలో దాని కళ్ళు ఎర్రబడి నీరు కారడం మొదలైంది. మందులు వేస్తూనే ఉన్నారు. చలికాలానికల్లా రెండు కళ్ళూ పోయాయి.

చూపు పోయాక అది చిన్న చప్పుడుకీ బెదిరేది. ఒకరోజు కట్టుతాడు తెంపుకుని పక్క చేను చుట్టూ ఉన్న ముళ్ళతీగలోకి దూసుకుపోయింది. రొమ్ము చీరుకుపోయింది. ఎటు కదిలినా ముళ్ళు దిగుతుంటే ఇక కదలడం మాని వణుకుతూ నిలబడింది. సుభానీ, పక్క పాకలో ఉండే బర్నబాసూ కలిసి తీగ కత్తిరించి దాన్ని బయటికి తీశారు.

"దీనికి చుట్టూ కంచె కట్టాలి బాబాయ్. కట్టేస్తే ఉండదిది," అన్నాడు బర్నబాసు. అతను కూలికి వెళ్ళేవాడు, పాకలు కట్టడం బాగా తెలిసినవాడు.

"తీగ వద్దురా. మేకులు కూడా వద్దు."

ఇంటి పక్క ఖాళీ స్థలంలో సుభాని కళ్ళకు తువ్వాలు కట్టుకుని చేతులు చాచకుండా నడిచాడు. అతని భార్య అమీనా బీ గుమ్మంలో నిలబడి నవ్వింది. ఇంటి గోడా ప్రహరీ కలిసే మూలలో ఇరుక్కుని ఎటు తిరగాలో తెలియక తడుముకున్నాడు. తువ్వాలు విప్పి, "మూలలు ఉండకూడదు, గుండ్రంగా కట్టాలి," అన్నాడు.

బాపట్ల నుంచి సరుగుడు కర్రలు తెచ్చారు. బర్నబాసు గుంటలు తవ్వి రాటలు పాతాడు. అడ్డకర్రల్ని రాటలకు లోపలి వైపు కొబ్బరితాడుతో కట్టారు, గుర్రం భుజం రాటకు తగలకుండా. కాలు దూరే సందు వదల్లేదు. కంచె వెంబడి లోపల ఇసుక పరిచారు, కాళ్ళ కింద నేల మెత్తబడితే కంచె దగ్గరకొచ్చిందని దానికి తెలియాలని. అమీనా బీ రోజూ దాన్ని పట్టుకుని చుట్టూ తిప్పేది. కొన్నాళ్ళకు గులాబీ తనంతట తనే తిరిగింది. ఒక సాయంత్రం పరుగు కూడా తీసింది. అది చూసి సుభాని లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

తొంభై మే నెలలో తుఫాను వచ్చింది. గాలి తగ్గాక చూస్తే కంచె ఒక పక్కకు ఒరిగిందే గానీ పడలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో గులాబీ బతికే ఉంది. బర్నబాసు పాక మాత్రం లేదు. అతను పెళ్ళాం పిల్లలతో బడి వరండాలో ఉన్నాడు. మళ్ళీ పాక వేసుకుందామంటే ఎక్కడా కర్ర దొరకడం లేదు.

బర్నబాసు రాలేదు. అతని భార్య దానమ్మ వచ్చింది. కంచె రాట మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏంటమ్మా?" అన్నాడు సుభాని.

"ఏం లేదు బాబాయ్. చిన్నదానికి జ్వరం. వరండా అంతా తడి."

ఆమె ఏమీ అడగలేదు. వెళ్ళనూ లేదు. సుభాని కంచె దగ్గరికి వెళ్ళి కొబ్బరితాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. తడికి ముడి బిగిసిపోయి చేతికి రాలేదు. అమీనా బీ కొడవలి తెచ్చి ఇచ్చింది.

ఒక పక్క తీశాక మిగతాది ఉన్నా లేనట్టే. మర్నాడు కర్రల కోసం ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదనడం అతనికి చేతకాలేదు. నేల మీద గుంటలు మిగిలాయి. వాటిలో గుర్రం కాలు పడకుండా అమీనా బీ మట్టి కప్పింది.

మళ్ళీ గులాబీని కట్టేయాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నంతసేపూ సుభాని తాడు చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. అతను మిల్లుకు వెళ్ళినప్పుడు అది గింజుకునేది. ఒకరోజు తాడు వెనక కాలికి చుట్టుకుని తోలు ఊడేదాకా లాక్కుంది. రేపల్లె నుంచి పశువుల డాక్టరు ఆలస్యంగా వచ్చాడు, ఊళ్ళన్నిటా తుఫానుకు దెబ్బతిన్న పశువులే. పుండు కడిగి, "కాలు ఆడించకుండా చూడండి," అన్నాడు.

"చూపు లేదండి దానికి," అన్నాడు సుభాని.

డాక్టరు కట్టు కట్టి సంచి సర్దుకున్నాడు.

బర్నబాసు వచ్చి కాలు చూశాడు. "నా పాక కర్రలు పీకేస్తా బాబాయ్. రేపే తెచ్చి పాతుతా."

కొత్త పాక అక్కడికి కనిపిస్తూనే ఉంది. గుమ్మంలో దానమ్మ చిన్నదానికి తల దువ్వుతోంది.

"వద్దులేరా," అన్నాడు సుభాని.

తొలకరి వానలకు పుండు కుళ్ళింది. ఒక పొద్దున గులాబీ పడుకున్నది లేవలేదు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. కాలవ అవతల పూడ్చి వచ్చి సుభాని అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఇవ్వనని ఉంటే?" అంది అమీనా బీ.

"ఎలా అంటాను?"

ఆమె లోపలికి వెళ్ళింది. పొద్దున గులాబీ కోసం నానేసిన ఉలవలు గిన్నెలో ఉబ్బి ఉన్నాయి. ఏం చేయాలో తోచక వాటి మీద మూత పెట్టింది.